దేశ ఉద్గారాల గ్రాఫు గీయడం, చదవడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఉదాహరణలతో సమగ్ర మార్గదర్శి

ఒకే వారంలో రెండు వార్తలు కనిపిస్తుంటాయి. 2005తో పోలిస్తే 2020 నాటికి భారత్ ఉద్గారాల తీవ్రత, అంటే రూపాయి ఉత్పత్తికి వదిలే పొగ, 36 శాతం తగ్గిందని ఒకటి. గ్రీన్‌హౌస్ వాయువులు వదిలే దేశాల్లో చైనా, అమెరికాల తర్వాత మనదే మూడో స్థానమని రెండోది. రెండూ నిజమే. కానీ ఏది ఏ లెక్కో తెలియకపోతే డిగ్రీ విద్యార్థి ప్రాజెక్టు పనిలో, విలేకరి వార్తలో, పర్యావరణ కార్యకర్త ప్రజాభిప్రాయ సేకరణలో మాట తప్పుతారు. కృష్ణపట్నం తీరంలో బొగ్గు కరెంటు గురించి జరిగే ప్రతి వాదనలోనూ ఈ అంకెలు దొర్లుతాయి. వాటిని సరిగ్గా పట్టుకోవడం మనకు చాలా అవసరం.

ఈ మార్గదర్శి పూర్తయ్యేసరికి మీ చేతిలో మీరే గీసిన గ్రాఫు ఒకటి, దాని కింద ఎవరూ వేలెత్తి చూపలేని నాలుగు వాక్యాలు ఉండాలి. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ చాలు. గణితం పదో తరగతి దాటదు. దేశపు లెక్కలోని పెద్ద పద్దులు, అంటే బొగ్గు కరెంటు, వరి, పశువులు, కట్టెల మంట, అన్నీ ఈ రెండు జిల్లాల్లో కళ్ల ముందే ఉన్నాయి. అందుకే ఉదాహరణలు ఇక్కడివే తీసుకున్నాను.

1. ముందు ప్రశ్న ఖాయం చేసుకోండి

"ఉద్గారాలు పెరిగాయా?" అనే మాటలో కనీసం నాలుగు ప్రశ్నలున్నాయి. దేశం మొత్తం ఎంత వదిలింది? తలకు ఎంత పడింది? రూపాయి ఉత్పత్తికి ఎంత పొగ? ఇప్పటిదాకా చరిత్రలో పోగైనది ఎంత? మొదటిది పెరుగుతూ ఉండగానే మూడోది తగ్గవచ్చు. మన దేశంలో జరుగుతున్నది అదే. నాలుగో లెక్కలో 1850 నుంచి 2019 దాకా మన వాటా సుమారు 4 శాతమేనని కేంద్రం చెబుతూ వస్తోంది.

మీ ప్రశ్న ఏదో కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకోండి. పని మధ్యలో దాన్ని మార్చకండి.

2. హద్దు ఎక్కడో తెలుసుకోండి

ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం కింద దేశాలు ఇచ్చే లెక్కల్లో సూత్రం ఇది: వాయువు ఏ దేశపు నేల మీద గాలిలో కలిస్తే ఆ దేశపు ఖాతా. వినడానికి తేలిక, అన్వయించేటప్పుడే చిక్కులు.

కృష్ణపట్నం దగ్గర నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు మూడు. రెండు 2015లో, మూడోది 2022లో పనిలోకి వచ్చాయి. అక్కడ మండే బొగ్గు ఒడిశా నుంచి వచ్చినా, విదేశం నుంచి ఓడలో దిగినా, పొగ మాత్రం భారత్ ఖాతాలోనే పడుతుంది. విదేశీ గనిలో తవ్వేటప్పుడు బయటికొచ్చిన మీథేన్ ఆ దేశానిది. బొగ్గు మోసుకొచ్చిన ఓడ అంతర్జాతీయ ప్రయాణంలో కాల్చిన ఇంధనం ఏ దేశపు మొత్తంలోకీ రాదు, విడిగా చూపిస్తారు. ఇక్కడి రొయ్యను అమెరికాలో తిన్నా, దాన్ని పెంచడానికి అయిన కరెంటు పొగ మనదే.

ప్రకాశం జిల్లా వాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్లలో, అంటే బ్యారన్లలో, మండేది ఎక్కువగా కట్టె. చెట్టు పెరిగేటప్పుడు పీల్చుకున్న కార్బనే మంటలో తిరిగి వస్తుంది కాబట్టి, కట్టె మంట నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను ఇంధన పద్దు మొత్తంలో కలపరు, విడిగా నమోదు చేస్తారు. చెట్టు కొట్టేయడం వల్ల తగ్గిన కార్బన్ నిల్వ అడవులు, భూవినియోగం పద్దులో లెక్కకు రావాలి. అదే మంట నుంచి వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం ఇంధన పద్దులోనే ఉంటాయి. "టంగుటూరు, కొండపి బ్యారన్ల పొగంతా దేశపు లెక్కలో ఉంది" అన్నా తప్పే, "అస్సలు లేదు" అన్నా తప్పే.

3. అంకెలు పోగు చేయండి

మొదట అధికారిక అంకెలు. కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ వీటిని జాతీయ నివేదికలుగానూ, రెండేళ్ల నివేదికలుగానూ ఐక్యరాజ్యసమితికి సమర్పించింది. అడవులు పీల్చుకున్నది తీసేయకముందు మొత్తం ఇలా ఉంది. ప్రమాణం మిలియన్ టన్నుల కార్బన్ డయాక్సైడ్ సమానం, అంటే మిగతా వాయువులను కూడా కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చి కూడిన బరువు. ఎలా మారుస్తారో 4వ అడుగులో చూద్దాం.

2000: 1,524
2007: 1,905
2010: 2,137
2014: 2,607
2016: 2,839
2019: 3,132
2020: 2,959

1994కు మొదటి జాతీయ నివేదిక ఇచ్చిన అంకె సుమారు 1,228. అందులో అప్పటి భూవినియోగం నుంచి వెలువడ్డ కొద్దిపాటి ఉద్గారం కూడా కలిసి ఉంది కనుక దాన్ని పై వరుసలో పెట్టలేదు. గ్రాఫులో చూపాలనుకుంటే వేరే రంగు చుక్కతో చూపండి.

ఒక మిలియన్ అంటే 10 లక్షలు. కాబట్టి 2019 అంకె 313 కోట్ల 20 లక్షల టన్నులు. నివేదికల పట్టికల్లో గిగాగ్రాములు కనిపిస్తే కంగారు పడొద్దు, ఒక గిగాగ్రాము వెయ్యి టన్నులు. కొన్ని పరిశోధనా పత్రాల్లో కార్బన్ డయాక్సైడ్ బదులు వట్టి కార్బన్ బరువే ఇస్తారు. అప్పుడు 44ను 12తో భాగిస్తే వచ్చే 3.67తో హెచ్చించాలి. ఈ ఒక్క గుణకారం మరిచిపోతే మీ గ్రాఫు దాదాపు నాలుగో వంతుకు కుంగిపోతుంది.

అధికారిక అంకెలు ఆలస్యంగా వస్తాయి. 2020 లెక్క 2024 డిసెంబరులో బయటికొచ్చింది. మధ్యలో సంవత్సరాలకు ఖాళీలూ ఉన్నాయి. ఏటా వరుసగా అంకెలు కావాలంటే యూరోపియన్ కమిషన్ నడిపే ఎడ్గార్ పట్టికలు 1970 నుంచి ఉన్నాయి. గ్లోబల్ కార్బన్ ప్రాజెక్ట్ కూడా ఏటా ఇస్తుంది గానీ, అక్కడ దేశాల పోలికకు అందరూ వాడే పట్టికలో ఉండేది బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటుల కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. వరి మీథేన్ అందులో వెతక్కండి.

ఇక్కడే చాలామంది జారిపడతారు. అధికారిక వరుస 2020లో 2,959 దగ్గర ఆగింది. ఎడ్గార్ పట్టికలో 2023కు భారత్ అంకె సుమారు 4,100. రెండూ ఒకే గీతలో కలిపితే మూడేళ్లలో దాదాపు 40 శాతం పెరుగుదల కనిపిస్తుంది. అలాంటిదేమీ జరగలేదు. కోవిడ్ తర్వాత కోలుకున్న పెరుగుదల అందులో కొంత ఉంది; మిగతాది రెండు సంస్థల కొలతల తేడా. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. పుట్టి లెక్క వేరుగా ఉన్న ఊరి దిగుబడిని దీని పక్కన పెట్టి ఎవరి పొలం బాగా పండిందో తేల్చలేం కదా. ఒక గీతకు ఒకే మూలం వాడండి. రెండో మూలం కావాలంటే రెండో గీత గీయండి.

4. కొలబద్ద ఒకటేనా అని చూడండి

ఈ అడుగు మీదే ఎక్కువ సమయం పెట్టండి. గ్రాఫుల్లో కనిపించే పెరుగుదల తగ్గుదలల్లో కొన్ని ఆకాశంలో జరిగినవి కావు, కాగితం మీద జరిగినవి.

కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మూడు వేర్వేరు వాయువులు. వాటిని కూడాలంటే, వందేళ్ల కాలంలో ఒక్కోటి ఎంత వేడి పట్టి ఉంచుతుందో చూసి కార్బన్ డయాక్సైడ్‌లోకి మారుస్తారు. ఆ మారకపు విలువను వాతావరణ మార్పులపై ప్రభుత్వాల మధ్య కమిటీ (ఐపీసీసీ) కొత్త పరిశోధనలు వచ్చినప్పుడల్లా సవరిస్తూ వచ్చింది. మీథేన్‌కు 1995 నివేదికలో 21, 2007లో 25, 2013లో 28. నైట్రస్ ఆక్సైడ్‌కు 310, 298, 265. మన పాత నివేదికలు 21, 310 వాడాయి. పారిస్ ఒప్పందం కింద వచ్చిన కొత్త నిబంధనలు 28, 265 వాడమంటాయి. ఎడ్గార్ కూడా ఇప్పుడు ఈ కొత్త విలువలతోనే కూడుతుంది.

దీని ప్రభావం పెన్నా డెల్టాలో ఒక ఎకరం వరి మడి మీద చేసి చూద్దాం. "మడిలో నీళ్లు నిలబెడితే గాలి చెడుద్దా సామీ?" అని రైతులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. నీరు నిలిచిన మడిలో అడుగు మట్టికి ఆక్సిజన్ అందదు. అక్కడ బతికే సూక్ష్మజీవులు కుళ్లిన సేంద్రియ పదార్థాన్ని మీథేన్‌గా మారుస్తాయి. అందులో ఎక్కువ భాగం వరి కాడల లోపలి గొట్టాల గుండానే పైకొస్తుంది. మన జాతీయ లెక్కల్లో వాడిన గుణకం ప్రకారం పంటకాలమంతా నీరు నిలిపితే హెక్టారుకు 162 కిలోల మీథేన్. మధ్యలో ఒకసారి మడి ఆరబెడితే 66. పలుమార్లు ఆరబెడితే 18.

ఎకరం అంటే 0.405 హెక్టారు. నీరు తీయకుండా పండిస్తే ఎకరానికి సుమారు 65.6 కిలోల మీథేన్. 21తో హెచ్చిస్తే 1,378 కిలోలు; 28తో హెచ్చిస్తే 1,837 కిలోలు. అదే మడి, అదే రైతు, అదే పంట. కొలబద్ద మారినందుకే మూడో వంతు పెరిగింది. పలుమార్లు ఆరబెట్టిన మడిలో 7.3 కిలోలే. 28తో హెచ్చించినా 204 కిలోలు దాటదు. ఈ రెండో తేడా కాగితం మీదది కాదు, నిజంగా గాలిలో తగ్గినది. రబీ పంటలోనూ, దాని తర్వాత వేసే ఎడగారు పంటలోనూ కాలువ కింద నీరు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి అన్న నిర్ణయంలో ఇంత ఉంది. అయితే ఆరబెట్టిన మడిలో నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది. రైతుకు చెప్పేటప్పుడు అది దాచిపెట్టకూడదు.

కాబట్టి చేయవలసిన పని: మీ షీట్‌లో మొత్తాన్ని మాత్రమే కాకుండా ఒక్కో వాయువును దాని సొంత టన్నుల్లో వేరే గడిలో రాయండి. మారకపు విలువను పైన ఒకే గడిలో పెట్టి అన్ని సంవత్సరాలకూ అదే తగిలించండి. రేపు విలువ మారినా ఒక్క గడి మారిస్తే వరుసంతా సరిపోతుంది.

కొలబద్ద మారే దారులు ఇంకా ఉన్నాయి. మన బొగ్గు, కరెంటు లెక్కలు ఏప్రిల్ నుంచి మార్చి దాకా. అంతర్జాతీయ పట్టికలు జనవరి నుంచి డిసెంబరు. 2020 క్యాలెండర్ అంకె కావాలంటే 2019-20లో పావు వంతు, 2020-21లో ముప్పావు వంతు తీసుకుంటే ఉజ్జాయింపుగా సరిపోతుంది. పశుగణన మన దగ్గర ఐదేళ్లకోసారి జరిగే ఏర్పాటు. 20వ గణన 2019ది. మధ్య సంవత్సరాల పశువుల సంఖ్యను అంచనాతో నింపుతారు. పశువుల మీథేన్ గీత నున్నగా సాగుతోందంటే, ఏటా అలాగే జరిగిందని కాదు, మధ్యలో లెక్కించలేదని అర్థం.

5. అడవిని కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి

2019లో మొత్తం 3,132 అయితే, అడవులు, భూవినియోగం పీల్చుకున్నది తీసేసిన నికర అంకె 2,647. 2020కి నికరం 2,437. ఆ ఏడాది తగ్గుదల 7.93 శాతమని ప్రభుత్వం చెప్పింది ఈ నికర అంకెల మీద. మొత్తం అంకెల మీద లెక్క కడితే 5.5 శాతమే వస్తుంది. పత్రికల్లో రెండూ కనిపిస్తాయి. మీరు ఏది వాడారో రాయండి, అంతే.

పొగలో పెరుగుదల, చెట్లలో పెరుగుదల వేర్వేరు కథలు. కలిపేస్తే రెండూ కనబడవు. ప్రకాశం జిల్లాలో జామాయిల్, సుబాబుల్ తోటలు పెరిగినప్పుడు కొంత కార్బన్ నిల్వ చేరుతుంది, కొట్టినప్పుడు పోతుంది. థర్మల్ కేంద్రం బొగ్గుతో దానికి సంబంధం లేదు. నన్నడిగితే ప్రధాన గ్రాఫు అడవి కలపని మొత్తంతోనే గీయాలి.

6. పెరుగుదల రేటు కట్టండి

చివరి అంకెను మొదటి అంకెతో భాగించండి. వచ్చినదానికి సంవత్సరాల సంఖ్యతో ఘాతమూలం తీయండి. ఒకటి తీసేసి వందతో హెచ్చించండి. ఎక్సెల్‌లో చివరి గడి బై మొదటి గడిని బ్రాకెట్లో పెట్టి, దానికి ఒకటి బై సంవత్సరాలు ఘాతంగా వేసి, ఒకటి తీసేస్తే చాలు.

2000 నుంచి 2010 దాకా ఏటా 3.4 శాతం. 2010 నుంచి 2014 దాకా 5.1 శాతం. 2014 నుంచి 2019 దాకా 3.7 శాతం. మధ్య ముక్కలో ఎందుకు ఎగిసింది? దేశమంతా బొగ్గు కరెంటు కేంద్రాలు వరసగా లేచిన కాలమది. కృష్ణపట్నం తీరంలోనూ ఆ దశాబ్దంలోనే ఒకదాని పక్కన ఒకటి పొగగొట్టాలు లేచాయి. ముత్తుకూరు వైపు ఉండేవాళ్లకు ఈ 5.1 శాతం అర్థం కావడానికి గ్రాఫు అక్కర్లేదు.

పెరుగుదల రేటు కట్టేటప్పుడు 2020ని ఆరంభ సంవత్సరంగా గానీ చివరి సంవత్సరంగా గానీ ఎప్పుడూ పెట్టకండి. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. బళ్లు ఆగాయి, ఫ్యాక్టరీలు ఆగాయి. అక్కడ మొదలుపెడితే పెరుగుదల విపరీతంగా, అక్కడ ముగిస్తే తగ్గుదల మొదలైనట్టుగా కనిపిస్తుంది. 2019 దాకా ఒక గీత గీసి, 2020ని విడి చుక్కగా ఉంచండి.

7. ఎవరి వాటా ఎంత

2020 మొత్తంలో ఇంధనం 75.66 శాతం, వ్యవసాయం 13.72, పరిశ్రమల ప్రక్రియలు 8.06, వ్యర్థాలు 2.56 శాతం. కరెంటు ఉత్పత్తి ఒక్కటే దాదాపు 39 శాతం. వ్యవసాయంలో సగానికి పైగా నెమరు వేసే పశువుల కడుపులో పుట్టే మీథేనే. వరి, ఎరువులు ఆ తర్వాత.

పద్దుల పేర్లు మన వాడుకతో సరిపోవు. రొయ్యల గుంటలో తిరిగే ఏరేటర్ల కరెంటును మనం సాగు ఖర్చు అంటాం. లెక్కలో అది కరెంటు పుట్టిన చోట ఇంధన పద్దులో పడుతుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో యంత్రాల డీజిల్ కూడా ఇంధనమే. సిమెంటు ఫ్యాక్టరీలో సున్నపురాయి విడిపోయి వదిలే కార్బన్ డయాక్సైడ్ మాత్రం పరిశ్రమల ప్రక్రియ. అక్కడే మండిన బొగ్గు మళ్లీ ఇంధన పద్దు.

8. భాగించి చూడండి: తలకు, రూపాయికి

2000లో జనాభా సుమారు 106 కోట్లు, 2020లో సుమారు 140 కోట్లు. మొత్తాన్ని భాగిస్తే తలకు 1.44 టన్నుల నుంచి 2.11 టన్నులకు పెరిగింది. దేశం మొత్తం దాదాపు రెట్టింపయితే తలసరి సగం దాకా పెరిగింది. మిగతా పెరుగుదల జనాభాది.

రూపాయి లెక్కకు స్థిర ధరల జీడీపీనే తీసుకోండి. ప్రస్తుత ధరలతో భాగిస్తే ధరల పెరుగుదలే తీవ్రతను తగ్గించినట్టు చూపిస్తుంది. జీడీపీ ఆధార సంవత్సరం 2004-05 నుంచి 2011-12కు మారింది. రెండు వరుసలనూ అతికించకండి. పారిస్ ఒప్పందానికి మన దేశం ఇచ్చిన మాట ఈ తీవ్రత గురించే: 2005 స్థాయి నుంచి 2030కి 33 నుంచి 35 శాతం తగ్గిస్తామని 2015లో, 45 శాతం తగ్గిస్తామని 2022లో. నికర సున్నా గడువు 2070. 36 శాతం అన్న వార్తను ఈ మాట పక్కన పెట్టి చదవాలి. అది మొత్తం ఉద్గారాల తగ్గుదల కాదు.

ఇలాంటిదే స్థాపిత సామర్థ్యం విషయం. 2025 జూన్ చివరికి దేశ విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదైంది. సంతోషించాల్సిన మాటే. కానీ సూర్యుడు రాత్రి లేడు, గాలి అన్ని నెలలూ వీచదు. పుట్టిన యూనిట్లలో బొగ్గు వాటా ఇంకా చాలా ఎక్కువ. ఉద్గారాల గ్రాఫు పక్కన సామర్థ్యం గ్రాఫు పెట్టకండి, ఉత్పత్తి గ్రాఫు పెట్టండి.

9. మన జిల్లా లెక్క సొంతంగా కట్టి చూడండి

దేశపు అంకె మీద పట్టు దొరకాలంటే ఒక్క యూనిట్ లెక్క చేతితో కట్టి చూడాలి. 800 మెగావాట్ల యూనిట్ ఏడాది పొడవునా పూర్తిగా నడిస్తే 700.8 కోట్ల యూనిట్ల కరెంటు. 70 శాతమే నడిచిందనుకుంటే 490 కోట్లు. బొగ్గు కరెంటుకు యూనిట్‌కు 0.9 కిలో చొప్పున వేస్తే సుమారు 44 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్. మూడు యూనిట్లకు 1.32 కోట్ల టన్నులు. దేశపు 296 కోట్ల టన్నుల పక్కన ఇది అర శాతానికి కొంచెం తక్కువ. ఎంత శాతం నడిచింది అన్నది అనుకున్నదే కనుక, అసలు ఉత్పత్తి అంకెను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నెలవారీ నివేదికల నుంచి తెచ్చి మార్చుకోండి. అదే సంస్థ దేశ గ్రిడ్ సగటు ఉద్గార గుణకాన్ని కూడా ఇస్తుంది. ఈమధ్య సంవత్సరాల్లో అది యూనిట్‌కు 0.7 కిలో దాటి ఉంది. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి నెలకు 140 కిలోల పైచిలుకు.

జిల్లా పేరు మీద కాలక్రమం గీసేటప్పుడు సరిహద్దులు చూసుకోండి. 2022 ఏప్రిల్ పునర్విభజనలో గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి, కందుకూరు నెల్లూరులోకి, చీరాల, అద్దంకి బాపట్లలోకి వెళ్లాయి. 2021 వరి విస్తీర్ణాన్ని 2023తో పోల్చి నెల్లూరులో మీథేన్ తగ్గిందంటే, మండలాలు పోయాయి అని చెప్పినట్టే. మండలాల వారీ అంకెలు తీసుకుని ఒకే హద్దుకు కూడుకోండి.

10. గ్రాఫు గీసి, కింద నాలుగు వాక్యాలు రాయండి

నిలువు గీత సున్నా నుంచి మొదలవ్వాలి. అడ్డం గీత మీద సంవత్సరాల మధ్య దూరం నిజమైన దూరమే ఉండాలి. 2000కూ 2007కూ మధ్య ఏడేళ్లు, 2019కీ 2020కీ మధ్య ఒక్కటి. ఎక్సెల్‌లో లైన్ చార్టు వేస్తే అన్నిటినీ సమాన దూరంలో పెట్టేస్తుంది కాబట్టి స్కాటర్ చార్టు ఎంచుకోండి. అంకె ఉన్న చోట చుక్క పెట్టి, చుక్కల మధ్య పలుచని గీత కలపండి. మధ్య సంవత్సరాలు మనకు అధికారికంగా ఇవ్వలేదని అలా తెలుస్తుంది.

కింద రాయవలసినది ఈ తీరుగా ఉండాలి:

"భారత్ గ్రీన్‌హౌస్ వాయు ఉద్గారాలు, అడవులు, భూవినియోగం కలపకుండా, 2000-2020. ఐక్యరాజ్యసమితికి కేంద్రం ఇచ్చిన అంకెలు, మిలియన్ టన్నుల కార్బన్ డయాక్సైడ్ సమానం. 2010-2019 మధ్య సగటు పెరుగుదల ఏటా 4.3 శాతం, 2020 తగ్గుదల లాక్‌డౌన్ ఏడాదిది. మీథేన్ మారకపు విలువ ఆయా నివేదికల్లో వాడినదే, సవరించలేదు."

చివరి వాక్యంలో మీరు సవరించి ఉంటే ఎంతకు సవరించారో రాయండి. కొత్త జాతీయ నివేదిక వచ్చినప్పుడు కొత్త ఏడాది చుక్కను వెంటనే పాత గీతకు తగిలించకండి. ముందు అందులో పాత సంవత్సరాలను తిరగ లెక్కించిన పట్టిక ఉందేమో వెతకండి. ఉంటే పాత వరుస మొత్తం తీసేసి దాంతోనే మళ్లీ గీయండి.